మూసిన షట్టర్ కింద దొరికిన కాగితం: తాకట్టు వ్యాపారుల సంఘం పెద్దలకు, లైసెన్సు అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘం పెద్దలకు, తాకట్టు షాపులకు లైసెన్సులిచ్చే అధికారులకు,

నమస్కారం.

మా తాతయ్య పెట్టిన తాకట్టు షాపులో పదిహేడేళ్లుగా కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. నాన్న, చిన్నాన్న, అన్నయ్య, వదిన, నేను. బయటి మనిషి ఒక్కరూ లేని షాపు మాది. ఇక్కడ రాస్తున్న విషయాలే ఇంతకుముందు రెండుసార్లు కాగితం మీద రాసి సంఘానికి ఇచ్చాను. ఒకసారి సమావేశంలో లేచి నిలబడి చెప్పాను. కాగితాలకు జవాబు రాలేదు. సమావేశంలో ఒక పెద్దాయన "ఇంటి గుట్టు లంకకు చేటమ్మా, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. తర్వాత లైసెన్సు ఆఫీసుకు వెళ్తే "అవి మీలో మీరు తేల్చుకోవాల్సినవి, మేమేం చేస్తాం" అన్నారు. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

మా ఇంటివాళ్లను రచ్చకీడ్చాలని రాయడం లేదు. ఈ లేఖ మొదట నాన్నకే చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "ఆ గాజుల సంగతి కూడా రాయి" అన్నారు. అందుకని ముందు అదే రాస్తున్నాను.

ఒకావిడ రెండు బంగారు గాజులు తాకట్టు పెట్టారు. అవి వాళ్ల అమ్మవి. లోపలి వైపు సన్నగా ఒక అక్షరం చెక్కి ఉంది, అరిగిపోయి వేలితో తడిమితేనే తెలిసేంత. గడువు తీరే రోజున మా షాపు మూసి ఉంది. దానికి ముందురోజు రాత్రి నాన్నకూ అన్నయ్యకూ పెద్ద గొడవ జరిగింది. ఒక పాత వాచీకి అన్నయ్య ఎక్కువ అప్పు ఇచ్చాడని నాన్న, తన మాటకు విలువ లేని షాపులో తానెందుకని అన్నయ్య. పొద్దున్న ఎవరూ షాపు తీయలేదు. మర్నాడూ తీయలేదు. మూడో రోజు పొద్దున్న అన్నయ్య వచ్చి తీశాడు. బంగారం కరిగించే అతను ఆ రోజు వస్తాడని ముందే అనుకున్నదే కాబట్టి, గడువు దాటిన పొట్లాలన్నీ తీసి ఇచ్చేశాడు. నేను పది దాటాక వెళ్లాను. లోపలికి అడుగు పెడుతుంటే చెప్పు కింద ఏదో అంటుకుంది. లెక్కల పుస్తకంలోంచి చింపిన గీతల కాగితం. దాని మీద రెండు తేదీలు, రెండు టైములు, ఒకే మాట రెండుసార్లు రాసి ఉంది: "డబ్బు తెచ్చాను. షాపు మూసి ఉంది." కింద చీటీ నంబరు. షట్టర్ సందులోంచి లోపలికి తోశారు. అప్పటికే ముగ్గురు తొక్కిన మరకలున్నాయి దాని మీద.

పదకొండు గంటలకు ఆవిడ వచ్చారు. అన్నయ్య లెక్క కట్టి, బంగారం విలువలోంచి అసలు, వడ్డీ పోగా మిగిలింది ఆవిడ ముందు పెట్టాడు. లెక్క ప్రకారం ఆవిడకు ఏ నష్టమూ లేదు. ఆవిడ ఆ డబ్బు ముట్టుకోలేదు. "కరిగించిన ముద్దలో నా గాజులు ఏ వైపు ఉన్నాయో చూపించగలరా?" అని అడిగారు. ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

ఇది ఒక్క మా ఇంట్లో జరిగిన పొరపాటు అనుకుంటే నేను ఆవిడ కాళ్లు పట్టుకుని ఊరుకునేదాన్ని. సంఘంలో ఎన్నో షాపుల వాళ్లతో మాట్లాడాను. వేరే వేరే రూపాల్లో అందరి దగ్గరా ఇదే కథ. అన్నదమ్ములు విడిపోతే పొట్లాలు పంచుకుంటారు, ఎవరి పొట్లం ఏ షాపుకు వెళ్లిందో పెట్టినవాళ్లకు తెలియదు. పెద్దాయన మంచాన పడితే ఇనప్పెట్టె తాళం దొరకదు. కుటుంబ వ్యాపారమంటే నమ్మకం అని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ నమ్మకం నిజమే, నేను దాని నీడలోనే పెరిగాను. ఫ్రెంచివాళ్లు తాకట్టు కొట్టును "మా అత్త" అనేవారు. ఇంగ్లీషువాళ్లు "అంకుల్" అనేవారు. బయట పరువు పోకుండా చుట్టం దగ్గర పెట్టామని చెప్పుకునేంత దగ్గరితనం అది. కానీ చుట్టాల ఇంట్లో గొడవ వస్తే మన వస్తువు ఏమవుతుందన్న ప్రశ్నకు మన దగ్గర రాతపూర్వకంగా ఒక్క ముక్క కూడా లేదు.

వస్తువు మన బీరువాలో ఉన్నంత మాత్రాన మనది అయిపోదు. అది వాళ్లదే. మనం కాపలాదారులం. నా డిమాండ్లన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి.

1. షాపు మూసిన రోజులు గడువులో కలపకూడదు

గడువు రోజున షాపు మూసి ఉంటే, మళ్లీ తీసిన తర్వాత కనీసం ఏడు పనిరోజులు గడువు దానంతట అదే పెరగాలి. ఆ మూసిన రోజులకు వడ్డీ వేయకూడదు. షాపు తీసిన మొదటి రోజున గడువు దాటిన సరుకు ఏదీ అమ్మకానికీ, కరిగించడానికీ వెళ్లకూడదు. పొట్లం బయటికి వెళ్లాలంటే ఇంట్లో ఇద్దరి సంతకాలు ఉండాలి. మూసిన షాపుకు వచ్చినవాళ్లు చీటీ నంబరు రాసి వేయడానికి షట్టర్ పక్కన ఒక తాళం పెట్టె ఉండాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఆ పెట్టె ఉండుంటే ఆ గాజులు ఇవాళ ఆవిడ చేతికి ఉండేవి.

సంఘం పెద్దలు ఒకరు నాతో అన్నారు, "రెండు రోజులు ముందే వచ్చి విడిపించుకోవచ్చుగా" అని. డబ్బు ముందే చేతికొచ్చే మనిషి తాకట్టు షాపు మెట్లు ఎక్కడు సార్. జీతం పడే రోజు చూసుకుని, అప్పిచ్చిన వాళ్ల దగ్గర వసూలు చేసుకుని, ఆఖరి రోజున పరుగెత్తుకొస్తారు. మనకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు.

2. తూకం, టచ్ (బంగారం స్వచ్ఛత), ధర: ఎవరు కూర్చుంటే వాళ్ల లెక్క కాకూడదు

మా షాపులో పొద్దున్న నాన్న కూర్చుంటారు, మధ్యాహ్నం అన్నయ్య. ఒకే గొలుసు పొద్దున్న ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు పలికిన రోజులున్నాయి. తెలిసినవాళ్లు ఎవరు కూర్చున్నారో బయటి నుంచి తొంగిచూసి మరీ లోపలికి వస్తారు. తెలియనివాళ్లు నష్టపోతారు.

నాన్నది గీటురాయి. నగను రాయి మీద గీసి, స్వచ్ఛత తెలిసిన బంగారపు మచ్చును పక్కనే గీసి, రెండిటి మీదా యాసిడ్ చుక్క వేసి రంగు చూస్తారు. అన్నయ్య మెషిన్ పెట్టించాడు. అది నగ మీద కిరణం వేసి ఎన్ని పాళ్లు బంగారమో తెర మీద చూపిస్తుంది. నాన్న మెషిన్‌ను నమ్మరు, అన్నయ్య రాయిని నమ్మడు. నిజానికి రెండిటికీ హద్దులున్నాయి. ఆ మెషిన్ పైపొరనే చదువుతుంది, దళసరిగా పూత వేసిన నగ దాన్ని మోసం చేస్తుంది. గీటురాయి చూసేదీ గీసిన చోటునే. నీళ్లలో తూచి సాంద్రత చూద్దామంటే బంగారం సాంద్రత 19.3, టంగ్‌స్టన్‌ది 19.25. లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారం పోస్తే ఆ తూకం కూడా చేతులెత్తేస్తుంది. మేమూ అలా మోసపోయాం, ఒకటి కాదు. అందుకని ఒక్క పరీక్షతో తేల్చేయకుండా రెండు పద్ధతులూ వాడాలి, రెండూ కస్టమర్ కళ్ల ముందే జరగాలి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ బేరం జరిగే తీరు. ఒకరోజు ఒక కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, వేలికున్న ఉంగరం తీయబోతే రాలేదు. వదిన సబ్బు నీళ్లు తెచ్చింది. చాలాసేపు తిప్పి తిప్పి తీశాడు. వేలి చుట్టూ తెల్లగా గాడి పడి ఉంది, కణుపు ఎర్రగా కమిలింది. ఆ ఉంగరాన్ని నాన్న "22" అన్నారు, అన్నయ్య "18" అన్నాడు. ఇద్దరూ అతని ముందే అరుచుకున్నారు. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం, 18 అంటే 75. తేడా చిన్నది కాదు కాబట్టి వాదన రావడం సహజమే. కానీ ఆ పిల్లవాడు ఇంకో చేత్తో ఆ వేలు కప్పుకుని నిలబడి, చివరికి "ఎంతో కొంత ఇవ్వండి సార్, వెళ్లాలి" అన్నాడు. మా తగువులో అతని బేరం శక్తి మొత్తం కరిగిపోయింది. తక్కువ చెప్పిన లెక్కకే తలూపి వెళ్లిపోయాడు.

అందుకని మేం అడిగేది ఇది. త్రాసు తెర కస్టమర్ వైపు కూడా కనిపించాలి. మొత్తం తూకం, రాళ్ల తూకం, లక్క లేదా మైనం ఉంటే దాని తరుగు, నికర బంగారం తూకం, క్యారెట్, అన్నీ విడివిడిగా చీటీ మీద రాయాలి. రాళ్ల పేరుతో కళ్లతో చూసి ఇంత అని కోసేయడం ఆపాలి. రాయి బరువు చెప్పే క్యారెట్ వేరు, 0.2 గ్రాము. బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు. ఈ రెండూ కలిపి గందరగోళం చేసి తూకం తగ్గించిన షాపులు నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. ఇంట్లోవాళ్లకు అభిప్రాయ భేదం వస్తే కస్టమర్ వెళ్లాక మాట్లాడుకోవాలి, కౌంటర్ మీద కాదు. ధర చెప్పిన మనిషి పేరు చీటీ మీద ఉండాలి.

3. చీటీ చదివితే అర్థం కావాలి

చాలా షాపుల చీటీలు నేను చూశాను. పెట్టినవాళ్లకు రాని భాషలో, చీమ తలకాయంత అక్షరాల్లో, వెనకవైపు షరతులు. మాది కూడా మొన్నటిదాకా అలాగే ఉండేది. "నూటికి మూడు" అని నోటితో చెబుతాం. వినడానికి చిన్నగా ఉంటుంది. నెలకు నూటికి 3 అంటే ఏడాదికి 36. కట్టని వడ్డీని నెలనెలా అసలులో కలిపితే ఏడాది తిరిగేసరికి అది 42.5 దాటి కూర్చుంటుంది. ఈ మాట కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. పైగా నెల దాటి రెండు రోజులైతే రెండో నెల వడ్డీ మొత్తం తీసుకుంటాం. ఆ రెండు రోజుల కోసం ఇరవై ఎనిమిది రోజుల వడ్డీ ఊరికే పోతుంది వాళ్లకు.

చీటీ కస్టమర్ చదవగలిగే భాషలో ఉండాలి. నెల వడ్డీ, ఏడాది వడ్డీ పక్కపక్కన రాయాలి. ఏ తేదీకి వస్తే ఎంత కట్టాలో చిన్న పట్టీ వేయాలి. మొదటి నెల తర్వాత రోజుల లెక్కన వడ్డీ తీసుకోవాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, వినిపించిన మనిషి సంతకం పెట్టాలి. చీటీ పోగొట్టుకున్నవాళ్లను దొంగల్లా చూడటం మానాలి. గుర్తింపు కార్డు, మన రిజిస్టర్, ఫొటో ఉన్నాయి కదా. ఒక ముసలాయన చీటీ తడిసి అక్షరాలు చెరిగిపోతే మూడుసార్లు తిప్పాం. మూడోసారి ఆయన లోపలికి రాలేదు, మెట్ల మీదే కూర్చున్నారు.

4. నోటీసు ఇవ్వకుండా అమ్మకూడదు, మిగిలిన డబ్బు తిరిగివ్వాలి

నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. భారతదేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ ప్రకారం తాకట్టు పట్టినవాడు సరైన నోటీసు ఇచ్చాకే అమ్మాలి, బాకీ పోగా మిగిలింది పెట్టినవాడికే ఇవ్వాలి. 177వ సెక్షన్ ఇంకా ముఖ్యమైనది. గడువు దాటినా సరే, వస్తువు నిజంగా అమ్ముడుపోయేలోపు ఎప్పుడైనా, ఆలస్యం వల్ల అయిన ఖర్చులు కూడా కట్టి, విడిపించుకునే హక్కు ఉంటుంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం కనీసం ఆరు నెలల గడువు ఇవ్వమంటుంది. హాంకాంగ్‌లో నాలుగు చాంద్రమాన నెలలు దాటితే వస్తువు షాపుదే అయిపోతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లోనూ గడువు దాటిన వస్తువు షాపుకే చెందుతుంది, దానికి బదులు మిగతా బాకీ కోసం మనిషి వెంట పడటం ఉండదు.

ఇన్ని రకాలున్నాయి కాబట్టి మన ఇష్టం అని కొందరు వాదిస్తారు. నేను ఒక్కటి అడుగుతాను. వస్తువు విలువ అప్పు కన్నా ఎప్పుడూ ఎక్కువే ఉండేలా చూసుకుని ఇస్తాం మనం. ఆ తేడా మన భద్రత కోసం పెట్టుకున్నది. మన బాకీ తీరాక ఆ తేడా ఎవరిది? చట్టం అనుమతించిన చోట కూడా ఈ ప్రశ్న పోదు.

తాకట్టు సంస్థలు పేదల కోసమే పుట్టిన చరిత్ర ఒకటుంది. ఇటలీలోని పెరూజాలో 1462లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు పూనుకుని, వడ్డీ భారం తగ్గించడానికే ఒక తాకట్టు నిధి పెట్టించారు. ఇటలీలోనే సియెనాలో 1472లో మొదలైన అలాంటి నిధే తర్వాత పెద్ద బ్యాంకు అయింది. మెక్సికోలో 1775లో మొదలైన తాకట్టు సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. పారిస్ నగర తాకట్టు సంస్థలో వేలం తర్వాత మిగిలిన డబ్బు పెట్టినవారిదే. అలా ఇస్తే షాపులు మూసుకోవాల్సి వస్తుందన్న మాటకు ఇదే నా జవాబు.

గడువుకు పదిహేను రోజుల ముందు ఒకసారి, అమ్మే ముందు ఒకసారి ఫోన్, మెసేజ్, ఉత్తరం మూడూ వెళ్లాలి. వెళ్లినట్టు రిజిస్టర్‌లో రాయాలి. ఏ గుర్తూ లేని నగను కరిగించడం వేరు, పేరు చెక్కిన నగను కరిగించడం వేరు. పేరు, తేదీ, బొమ్మ ఏదైనా చెక్కి ఉంటే దానికి అదనంగా ఒక నెల ఆగాలని నా కోరిక. వ్యాపార లెక్కలో దీనికి కారణం చూపించలేను. అయినా అడుగుతున్నాను.

5. పనిముట్లు

కుట్టు మెషిన్ తాకట్టు పెట్టిన మనిషి దేనితో సంపాదించి దాన్ని విడిపించుకోవాలి? ప్రాచీన యూదుల ధర్మశాస్త్రంలోనే తిరగలిని గానీ, తిరగలి పై రాయిని గానీ తాకట్టు పట్టకూడదని ఉంది. అది మనిషి బతుకుతెరువును తాకట్టు పట్టడమని కారణం కూడా చెప్పింది. నేను పూర్తిగా నిషేధించమనను, ఎందుకంటే కొందరి దగ్గర పెట్టడానికి ఇంకేమీ ఉండదు, మనం వద్దంటే వాళ్లు ఇంకా దారుణమైన చోటికి వెళ్తారు. పనిముట్లకు వడ్డీ సగమే ఉండాలి. కొంత కట్టినా పని కోసం వస్తువు ఇచ్చి పంపి, మిగతాది వాయిదాల్లో తీసుకునే ఏర్పాటు ఉండాలి. మా షాపులో వదిన పట్టుబట్టి ఇది మొదలుపెట్టింది. ఇప్పటిదాకా ఒక్కరు తప్ప అందరూ కట్టారు.

6. దొంగ సొత్తు: ఇది ప్రత్యేకంగా అధికారులకు

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. ప్రశ్నలు అడిగితే బేరం పోతుందని అడగకుండా ఊరుకునే షాపులున్నాయి. ఒక ఆడమనిషి గొలుసు తెంపుకుపోయిన దొంగ, తెగిన కొక్కెంతో సహా తెచ్చి పెడితే, "ఎక్కడ తెగింది?" అని అడగనివాడు దొంగకు భాగస్తుడే. అమెరికాలో చాలా చోట్ల తాకట్టు షాపులు ప్రతి లావాదేవీ వివరాలూ పోలీసులకు పంపాలి. మనమూ అలా పంపుదాం. ఫొటో, గుర్తింపు కార్డు, వస్తువు బొమ్మ, అన్నీ తీసుకుందాం. ఎవరైనా మీ నియమం పాటించకపోతే లైసెన్సు తీసేయండి, సంఘం అడ్డు రాకూడదు.

ఇక రెండో వైపు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేస్తుండగా చిన్నాన్నను స్టేషన్‌కు రమ్మన్నారు. ఎంగిలి చెయ్యి కడుక్కుని వెళ్లిన మనిషి రాత్రి పదింటికి వచ్చారు. ఒక్క గొలుసు గురించి అనుమానం. ఏ గొలుసో ఖాయంగా తెలియదు కాబట్టి ఆ వరసలో ఉన్న ట్రే మొత్తం తీసుకెళ్లారు. అందులో ఆ గొలుసుతో ఏ సంబంధమూ లేని మరో పదకొండు మంది పొట్లాలున్నాయి. ఆ పదకొండు మందీ డబ్బు పట్టుకుని వచ్చి, "మా వస్తువు మా చేతికి ఎందుకు రాదు?" అని మమ్మల్ని అడిగారు. ఒకాయనకు కూతురి నిశ్చితార్థం. ఆయన మమ్మల్నే దొంగలన్నారు. ఆయన్ను తప్పు పట్టలేను.

అనుమానం ఉన్న వస్తువునే తీసుకోండి. తూకం, గుర్తులు, ఫొటోతో వస్తువుకొక రసీదు ఇవ్వండి. సంబంధం లేని వస్తువు పొరపాటున వస్తే వారంలోగా తిరిగివ్వండి. దర్యాప్తులో చిక్కుకున్న వస్తువుకు ఆ కాలమంతా వడ్డీ వేయకూడదని మాకూ ఆంక్ష పెట్టండి. సొత్తు పోగొట్టుకున్న మనిషి, తెలియక అప్పిచ్చిన షాపు, ఏ పాపం తెలియని పక్క పొట్లం మనిషి, ఈ ముగ్గురి మాటా వినే ఒక అధికారి ఉండాలి.

7. తాళం ఒక్కరి మొలలో, లెక్క ఒక్కరి తలలో ఉండకూడదు

నాన్నకు ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. అందులో ఆయన గుర్తులే తప్ప మాటలుండవు. చుక్క, అడ్డగీత, సున్నాలో చుక్క. ఏ పొట్లం ఏ అరలో ఉందో ఆ గుర్తులు చెబుతాయట. ఆయన ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులు మేం ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆరు పొట్లాలు దొరకలేదు. వాటి కోసం వచ్చినవాళ్లకు "నాన్నగారికి బాగోలేదు" అని చెప్పాను. ఒకామె "అయ్యో, ఎలా ఉన్నారమ్మా?" అని అడిగి, మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆమె నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ ముందు నాన్న ఆరోగ్యమే అడిగింది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. నాన్న లేచి కూర్చున్నాక, తన మంచం దగ్గరే ఆ గుర్తులు ఒక్కొక్కటీ చెప్పి రాయించుకున్నాను. చెప్పడానికి ఆయనకు అంత ఇష్టం లేదు. ఆ పుస్తకం చేతిలో ఉన్నంతకాలమే తాను షాపుకు యజమాని అన్నట్టు ఉండేది ఆయనకు.

రెండో తాళం, అందరికీ అర్థమయ్యే రిజిస్టర్, ఆరు నెలలకోసారి బయటి మనిషి వచ్చి పొట్లాలు లెక్కపెట్టడం తప్పనిసరి చేయాలి. కుటుంబం విడిపోయినా, యజమాని పోయినా పెట్టినవాళ్లందరికీ ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. పొట్లాలను ఆస్తిలా పంచుకోవడాన్ని నేరంగా చూడాలి.

దీనితోనే ఇంకో మాట. కౌంటర్‌లో కూర్చునే ఆడవాళ్లకు, చిన్నవాళ్లకు జీతం ఉండదు. "ఇంట్లో పిల్లవే కదా" అంటారు. పదిహేడేళ్లలో నా పేరు మీద జీతం పద్దు రాసింది లేదు. వదిన పొద్దున్నుంచి రాత్రిదాకా ఉంటుంది, లెక్కల్లో ఎక్కడా ఉండదు. జీతం లేని మనిషికి అడ్డు చెప్పే అధికారం కూడా ఉండదు. ఆ పొద్దున్న కరిగించే అతను వచ్చినప్పుడు వదిన అక్కడే ఉంది. "నాన్నగారిని అడిగాక ఇద్దాం" అంది. అన్నయ్య వినలేదు. షాపులో పనిచేసే ఇంటివాళ్ల పేర్లు లైసెన్సులో రాయాలి, జీతం ఇవ్వాలి, సరుకు బయటికి పంపే సంతకాల్లో వాళ్లకూ హక్కు ఉండాలి.

పెద్దలకు తెలుసు, మన పని సుఖమైనదేమీ కాదు. బంగారం ధర పడిపోతే విడిపించుకోవడానికి రానివాళ్లు ఉంటారు. నకిలీతో మోసపోతాం. తాగి వచ్చి భార్య నగ పెట్టబోయేవాళ్లు, మరుసటి గంటలో ఏడుస్తూ వచ్చే ఆ భార్య, ఇద్దరి మధ్యా మనమే. టీవీల్లో తాకట్టు షాపంటే ఎవరో అటకమీది పాత కత్తో, నాణెమో తెస్తే నవ్వుకుంటూ బేరమాడుకోవడంలా చూపిస్తారు. మన దగ్గరికి వచ్చేవాళ్లలో అమ్ముకుందామని వచ్చేవాళ్లు తక్కువ. మళ్లీ తీసుకెళ్దామనే వస్తారు. కొందరు అదే వస్తువు ఏడాదికి మూడుసార్లు పెట్టి మూడుసార్లు విడిపిస్తారు. నియమాలు ఆ మనుషుల్ని చూసి రాయాలి.

నా అభ్యర్థన ఇది. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ ఏడు అంశాలూ విడివిడిగా పెట్టండి. ఒక్కోదానికి ఒప్పుకుంటున్నారో లేదో, లేకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి. లైసెన్సు అధికారులు ఆ సమావేశానికి రావాలి, కౌంటర్‌లో కూర్చునే ఆడవాళ్లను కూడా పిలవాలి. లైసెన్సు రెన్యూవల్ చేసేటప్పుడు కనీసం మొదటి, మూడో, నాలుగో అంశాలు షరతులుగా పెట్టాలి.

మా షాపులో ఇప్పటికే తాళం పెట్టె బిగించాం. త్రాసు తెర అటు తిప్పాం. నాన్న నోటుపుస్తకం రిజిస్టర్‌లోకి ఎక్కిస్తున్నాను, ఇంకా సగం ఉంది. ఆవిడ రాసిన కాగితం మరకలతో సహా నా దగ్గరే ఉంది. ఆవిడ అనుమతి తీసుకుని సమావేశానికి తెస్తాను. ఈసారి కూర్చోమన్నా కూర్చోను.

ఇట్లు,
ఒక తాకట్టు షాపు యజమాని కూతురు